జనవరి ఒకటిన పుట్టిన అవ్వలు

2023 వేసవి. కర్నూలులో కొత్త బస్టాండుకు దగ్గర్లో, ఒక మేడ మీది ఆఫీసులో అప్పుడు పనిచేసేదాన్ని. మాది డయాలసిస్ సెంటర్లు నడిపే ప్రైవేటు సంస్థ. కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేటల్లో సెంటర్లున్నాయి. పల్లెల్లో బీపీ, షుగరు క్యాంపులు కూడా పెడుతుంటారు. నా ఉద్యోగం పేరు చెప్పడానికి గొప్పగా ఉంటుంది: క్లౌడ్ డేటా వేర్‌హౌస్ అడ్మినిస్ట్రేటర్. చేసే పని మాత్రం గోదాము పనే. ఒక్కో సెంటరు కంప్యూటర్లో ఒక్కో తీరుగా పడి ఉన్న రోగుల వివరాలను తెచ్చి, శుభ్రం చేసి, ఒకచోట వరుసగా పేర్చాలి. ఆ గోదాము మా గదిలో ఉండదు. ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి దాన్ని క్లౌడ్ అంటారు.

రోజూ పొద్దున ఆ గోదాము నుంచే ప్రతి సెంటరుకూ లిస్టు వెళుతుంది, ఈరోజు ఎవరెవరికి డయాలసిస్ చేయాలో. లిస్టులో పేరుంటేనే ట్యూబులూ ఫిల్టరూ ఉన్న కిట్ స్టోరు నుంచి బయటికొస్తుంది. పేరు లేకపోతే రాదు. ఈ ఏర్పాటును డిజైన్ చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఒక బుధవారం ఆఫీసుకు వచ్చి కూర్చున్నానో లేదో కడప నుంచి ఖాజా ఫోన్ చేశాడు. అక్కడి సెంటర్లో అతను డయాలసిస్ టెక్నీషియన్. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

“అక్కా, ఓబులమ్మవ్వ నా ఎదురుగా కుర్చీలో కూచోని ఉండాది. మీ సిస్టంలో ఏమో సచ్చిపోయినాదని చూపిస్తాండాది. స్టోరోళ్లు కిట్ ఇయ్యలేము అంటాండారు.”

“మరి సోమవారం ఎట్లా చేశారు?”

“సోమవారం చేయలేదక్కా. నేను లీవులో ఉన్న్యా. లిస్టులో పేరు లేదు, బుధవారం రాపో అని పంపించేసినారంట. పోయిన శుక్రవారం చేసిందే. కాళ్లు శానా వాచిపోయినాయి. రొప్పుతాండాది. ఆక్సిజన్ పెట్టినా గానీ అదెంతసేపు?”

ఓబులమ్మ కమలాపురం దగ్గరి పల్లె నుంచి సోమ, బుధ, శుక్రవారాలు బస్సెక్కి కడపకు వస్తుంది. రెండు కిడ్నీలూ పనిచేయవు. మిషను మీద పడుకోకపోతే తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి కూడా చేరతాయి. ఆమెకు అప్పటికే ఐదు రోజులైంది. ఇక గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి.

ఫోన్ పెట్టకుండానే ఆమె రికార్డు తెరిచాను. చనిపోయారు అని ఉంది. ఆ రికార్డు వెనక ఏమేం కలిసిందో చూశాను. ఒక్క ఓబులమ్మ కాదు, ఒకే వీధికి చెందిన ఆరుగురు ఆడవాళ్లు అందులో ఉన్నారు. హుసేన్‌బీ, లక్ష్మిదేవి, నాగమ్మ, ఇంకో ఇద్దరు. ఆరుగురినీ మా సిస్టం ఒకే మనిషిగా కలిపేసింది. వాళ్లలో హుసేన్‌బీ పాపం ముందు వారం ఇంట్లోనే పోయింది. క్యాంపు నర్సు శనివారం ఆ సంగతి సరిగ్గానే నమోదు చేసింది. హుసేన్‌బీతో పాటు మిగతా ఐదుగురినీ మేము చంపేశాం.

అది ఎట్లా జరిగిందో చెబుతాను. ఒకే రోగి రెండు మూడుసార్లు నమోదైతే ఆ డూప్లికేట్లను ఒకటిగా కలపడానికి మెర్జ్ రూల్ అని ఒకటి రాస్తాం. నేను మొదట రాసిన రూల్లో పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మూడూ కలవాలి. హైదరాబాదు నుంచి మా మేనేజర్ అది చూసి, పేర్లను ఒక్కో ఆపరేటరు ఒక్కో రకంగా టైపు చేస్తున్నాడు, డూప్లికేట్లు తగ్గడం లేదు, పేరు తీసేయమన్నాడు. తేదీ, నంబరు చాలన్నాడు. ఇంకో వారంలో సంస్థ పెద్దల ముందు లెక్కల గీతలుండే డాష్‌బోర్డు చూపించాలి, అందులో డూప్లికేట్ల గీత కిందికి దిగాలి. ఆయన తొందర అది.

నేను కమలాపురంలో పుట్టి పెరిగినదాన్ని. మా వైపు అవ్వలకు పుట్టినరోజు తెలియదు. ఆధార్ తీసే కుర్రాడు మొహం చూసి 1950 అనో 1955 అనో ఉజ్జాయింపుగా ఒక సంవత్సరం అనుకుని, జనవరి ఒకటి అని కొట్టేశాడు. మా అవ్వది కూడా జనవరి ఒకటే. ఇక ఫోన్ నంబరు సంగతి. సొంత ఫోను లేనివాళ్లంతా వీధిలో అంగడి శెట్టి నంబరే రాయిస్తారు. ఫోనొస్తే శెట్టే కేకేసి పిలుస్తాడు. ఇది మా వీధిలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియకపోవడమేంటి? మీటింగులో ఒకసారి “మా వైపు అలా కుదరదు సార్” అన్నాను. “అలాంటివి ఎన్ని ఉంటాయి మేడమ్, నాలుగో ఐదో” అన్నాడు. నోరు మూసుకుని పేరు తీసేశాను.

ఆ బుధవారం ఆయనకు ఫోన్ చేశాను.

“టికెట్ పెట్టండి. రెండు రోజుల్లో చూస్తారు. ప్రొడక్షన్‌లో చేత్తో మార్చకూడదని మీకు తెలుసు కదా” అన్నాడు. టికెట్ అంటే సిస్టంలో రాసిపెట్టే ఫిర్యాదు, ప్రొడక్షన్ అంటే నిజంగా నడుస్తున్న సిస్టం.

“రెండు రోజులు ఆమె ఆగలేదు సార్.”

“ఒక్క రికార్డు కోసం ప్రాసెస్ బ్రేక్ చేయలేం.”

నాకు ఒళ్లు మండిపోయింది. రికార్డట. అది రికార్డు కాదు సార్, కుర్చీలో కూర్చుని ఎగశ్వాస తీస్తున్న మనిషి అన్నాను. ఆయన ఇంకేదో అంటుండగానే ఫోన్ పెట్టేశాను. అడ్మిన్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. మెర్జ్ ఆపేశాను. సెంటర్ల నుంచి, క్యాంపుల నుంచి వచ్చిన ముడి ఫైళ్లు గోదాములో ఒక మూలన అట్లే ఉంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు. వాటిలోంచి ఆరుగురినీ విడదీసి, కడప లిస్టు మళ్లీ పంపాను. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఖాజా రెండుసార్లు ఫోన్ చేసి “అయిందా అక్కా?” అని మాత్రం అడిగాడు. మూడోసారి చేసినప్పుడు “కిట్ వచ్చింది, మిషను మీద పడుకోబెట్టినా” అన్నాడు.

తర్వాత మా జిల్లాలన్నీ వెతికితే అట్లాంటి వీధులు చాలా దొరికాయి. అందరినీ విడదీశాను. నెలాఖరు మీటింగులో మేనేజర్ డాష్‌బోర్డు చూపించి, తగ్గిన డూప్లికేట్లు మళ్లీ ఎందుకు పెరిగాయని అందరి ముందూ అడిగాడు. “వాళ్లు డూప్లికేట్లు కాదు సార్, అవ్వలు” అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా ప్రొడక్షన్ ముట్టుకున్నందుకు. పేరు తీసేయమన్నందుకు ఎవరికీ ఏ కాగితమూ రాలేదు. ఆ మెమో గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను.

అయితే నా కోపం ఆయన మీదే ఉండి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. రెండు వారాల తర్వాత పనిమీద కడప వెళ్లాను. ఓబులమ్మ మిషను మీద ఉంది. కాళ్ల వాపు తీసింది. ఖాజా నన్ను చూపించి, కర్నూల్లో సిస్టం చూసే అక్క ఈమే అని చెప్పాడు.

“నేను సచ్చినానని రాసింది ఎవురు పాపా?” అని అడిగింది.

ఖాజా ట్యూబు సర్దుతున్నట్టు పక్కకు తిరిగాడు. “నేనే అవ్వా” అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“నీది యా ఊరు?”

“కమలాపురం.”

“అట్లయితే మా పక్కనే గదమ్మా. మా ఈదిలో అందరిదీ శెట్టి నంబరే. నీకు తెల్దా?”

“తెలుసవ్వా.”

“తెలిసి గూడా రాసినావా?” అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

తిరుగు బస్సు మైదుకూరు దాటి ఆళ్లగడ్డ వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది. మేనేజరుకు మా పల్లెలు తెలియవు. నాకు తెలుసు. తెలిసినదాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోవడం, చెప్పకపోవడం, రెండూ ఒకటేనని నాకు నేర్పింది ఆ ముసలామె.

ఇప్పుడు వేరే సంస్థలో అదే పని చేస్తున్నాను. ఏ రూల్ రాసినా నిజం డేటా మీదికి వదిలే ముందు ఒక చిన్న ఫైలు మీద నడిపి చూస్తాను. అందులో మా వీధి ఆడవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు, మా అవ్వతో సహా. అందరిదీ ఒకే ఏడాది జనవరి ఒకటే, అందరిదీ శెట్టి నంబరే. రూల్ నడిచాక తొమ్మిది మందీ తొమ్మిది మందిగా మిగలాలి. ఒక్కరు తగ్గినా, అవతల ఎంత పెద్ద మీటింగున్నా సరే, ఆ రూల్ నా చేతిమీదుగా బయటికి పోదు.