రాగి మేస్త్రి, నాలుగో నంబరు లారీ

రాగి మేస్త్రి జీవితంలో మొదటి గెలుపు నాలుగో నంబరు లారీ. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. ముగ్గురు పెద్ద మేస్త్రులు వారం రోజులు ఆ లారీతో కుస్తీ పట్టి, ఇంజను దింపక తప్పదని చేతులెత్తేశారు. ఈయన ఇంజను జోలికే పోలేదు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ గొట్టాన్ని జానెడు జానెడు తడుముకుంటూ పోయి, అది ఎక్కడ గాలి పీలుస్తోందో పట్టుకున్నాడు. అందుకు మూడు రోజులు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టగానే లారీ గొంతు సవరించుకుని పలికింది. ఆ పెద్దల్లో ఒకాయన, "ఏదో తగిలిందిలే" అని మూతి తిప్పుకున్నాడు. మెచ్చుకోలు అంతే.

ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్ళు అదే షెడ్డులో పనిచేశాడు. తొమ్మిది మందిని మేస్త్రులను చేశాడు. వరద నీళ్ళలో మునిగిన ఆరు లారీలను, ఇక తుక్కుకే అన్నవాటిని, మళ్ళీ రోడ్డెక్కించాడు. తమ్ముణ్ణి ఇంజనీరు చదువు చదివించాడు. ఆ తమ్ముడు అదే కంపెనీకి మేనేజరై వచ్చి అన్నగారికే పై అధికారి అయితే, దాన్ని కూడా తన గెలుపుల్లోనే వేసుకున్నాడు. అక్కడే పొరబడ్డాడు.

ఇక ఆ పేరు సంగతి. డీజిల్ గొట్టాల అతుకుల దగ్గర రాగి వాషర్లు వేస్తారు. ఒకసారి బిగిస్తే అవి గట్టిపడిపోతాయి. విప్పి మళ్ళీ వాడితే సందుల్లోంచి గాలి లోపలికి దూరుతుంది. మేస్త్రి వాటిని తీగకు గుచ్చి, ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మెత్తబరిచి మళ్ళీ వేసేవాడు; అలా రాగి మేస్త్రి అయ్యాడు. మూడు కాల్పులు దాటితే మాత్రం పారేయమని శిష్యులకు నూరిపోసేవాడు.

రిటైరయ్యాక తమ్ముడి మేడ మీద గదిలో ఉంటున్నాడు. భార్య పోయి అప్పటికి నాలుగేళ్ళు. కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, షెడ్డు పెరట్లో పడి గడ్డి మొలిచిన నాలుగో నంబరును మళ్ళీ నడిచేట్టు చేయమని తమ్ముడే అడిగాడు. పద్నాలుగు నెలలు పట్టింది. ప్రతిఫలంగా మేస్త్రి కోరింది ఒక్కటే. వేడుక రోజున పాత పనివాళ్ళందరి ముందు ఆ లారీని తనే తోలుకుంటూ షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పాలి.

"నువ్వు కాక ఇంకెవరు తోలతారన్నయ్యా!" అన్నాడు తమ్ముడు.

ఆ మాట మీదే మేస్త్రి బతికాడు. లారీ చక్కగా నడుస్తుంటే అప్పగించాడు. తమ్ముడు దానికి నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేయించాడు. నెల తిరక్కుండానే పేచీ మొదలైంది. పొద్దున సెల్ఫ్ మూలుగుతుంది. ఎలాగో స్టార్టయినా, యాక్సిలరేటరు వదిలితే స్లో స్పీడులో నిలవదు. ఎగసిపడి, దిగిపోయి, చివరికి ఆగిపోతుంది.

"అన్నయ్యా, నీ లారీ మొరాయిస్తోంది."

"నిన్నటిదాకా కంపెనీ లారీ. మొరాయించగానే నాదయిందట్రా?"

షెడ్డుకు వెళ్ళి చూస్తే కొత్త మెకానిక్కులు అప్పటికే బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మార్చారు. ఆగిపోకుండా ఉండాలని స్లో స్పీడు స్క్రూను బాగా బిగించి పెట్టారు.

"జ్వరం తగ్గించమంటే మంచం ఎత్తు పెంచారేంట్రా నాయనా!" అన్నాడు మేస్త్రి. షెడ్డంతా నవ్వింది.

సెల్ఫ్ కొట్టమని చెప్పి ఎర్త్ వైరు మీద చెయ్యి వేశాడు. కాలుతోంది. బోల్టు విప్పితే, వైరు ఛాసిస్‌ను తాకాల్సిన చోట నున్నగా ఆకుపచ్చ రంగు; కరెంటుకు దారే లేదు. గరుకు కాగితంతో ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది బిగించాడు. ఈసారి సెల్ఫ్ గిర్రున తిరిగింది.

"పెళ్ళికూతురికి నోట్లో కూడా పౌడరు కొట్టారు, ఇంక మాటేం వస్తుంది!" అని తమ్ముడి వైపు తిరిగాడు. "చదువు నేను చెప్పించానుగానీ, చూపు చెప్పించలేకపోయాన్రా."

మళ్ళీ నవ్వారు. తమ్ముడి మొహం మాడిపోయింది. మేస్త్రి అది గమనించాడు, అయినా ఆగలేదు. ఆ రోజు ఆయన నోటికి అడ్డేలేదు.

ఇక రెండోది, నిలవని స్లో స్పీడు. పంపు పక్కనున్న చేతి పంపును నొక్కితే మెత్తగా దిగింది. అంటే గాలి చేరుతోంది. పీల్చే వైపు కన్నముంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది; తడి మరక వెతికితే దొరకదు. లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్కను దారిలో అతికించి చూశాడు. బుడగలు వచ్చాయంటే లోపం ఇంకా వెనక ఉన్నట్టే. ఒక్కో అతుకూ దాటుకుంటూ, వెల్లకిలా పడుకుని, ట్యాంకు కిందికి చేరాడు. అది చిట్టచివరి అతుకు. బుడగలు అక్కడినుంచే వస్తున్నాయి.

దాన్ని బిగించింది ఆయనే.

విప్పాడు. వాషర్ కాగితంలా పలచబడి, అంచున వెంట్రుకవాసి చీలిక. ఆ సైజు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. అందుకే లారీ బాగుచేసేటప్పుడు పాతదాన్నే నాలుగోసారి కాల్చి వేశాడు. ఎవరి చేతిలోనైనా మూడు కాల్పులే, నా చేతిలో ఇంకొకటి ఆగుతుందిలే అనుకున్నాడు.

లారీ కింద ఆయన తప్ప ఎవరూ లేరు. వాషర్ జేబులో వేసుకుని, రంగు వేసేవాళ్ళు గొట్టం కదిపారంటే అందరూ నమ్ముతారు. ఎర్త్ వైరు చూశాక మరీ నమ్ముతారు. కాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత పాక్కుంటూ బయటికొచ్చి వాషర్ను అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది నాదిరా. తప్పు నాదే."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. తమ్ముడు మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు.

"ఇందాకట్నుంచి మమ్మల్నందర్నీ ఆడిపోసుకున్నది ఈ వాషర్ పెట్టుకునా?"

"రంగు సంగతి అబద్ధమా మరి?"

"రంగు వల్ల సరిగా స్టార్టవలేదు. స్టార్టయ్యాక ఆపింది నువ్వు. పెద్దవాళ్ళందరి ముందు ఆగిపోతే నా పరువేం కావాలి? వేడుక రోజు మా డ్రైవర్ తోలతాడులే అన్నయ్యా. నువ్వు ముందు వరసలో కూర్చో. పూలగుత్తి ఇప్పిస్తాను."

"కుర్చీలో కూర్చునేవాణ్ణయితే లారీ కిందికి ఎందుకు దూరతాన్రా?"

తమ్ముడు ఫోన్ చెవికి ఆనించుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

మేస్త్రి పని సగంలో వదల్లేదు. మందపాటి రాగి రేకు కోసి, ఆకురాయితో అరగదీసి కొత్త వాషర్ చేశాడు. గొట్టంలో గాలంతా తీసి, బిగించిన స్క్రూను మళ్ళీ వెనక్కి తిప్పాడు. లారీ ఒకే శ్రుతిలో నిలబడి పలుకుతోంది. బానెట్ మీద నీళ్ళ గ్లాసు పెడితే నీళ్ళు వణికాయేగానీ తొణకలేదు. తొమ్మిది మంది మేస్త్రులను తయారుచేసిన మనిషి చేసిన పని అది. చూడ్డానికి తమ్ముడు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున సంచీ భుజాన వేసుకుని మేడ దిగాడు. గుమ్మంలో మరదలు అడ్డుపడింది.

"కోపమొచ్చిందా బావగారూ?"

"కోపమేంటమ్మా! అక్క వాళ్ళింట్లో నీళ్ళ మోటారు పాడయిందట."

"నిరుడు అలిగినప్పుడు కూడా అదే మోటారు పాడయింది."

మేస్త్రికి నవ్వొచ్చింది, కానీ పెదవి దాకా రాలేదు.

"ఆయనతో నేను మాట్లాడతానుండండి."

"వద్దమ్మాయ్. నువ్వు అడిగి ఇప్పిస్తే ఆ స్టీరింగు నా చేతుల్లో తిరగదు."

"మరి నవంబరు ఇరవయ్యొకటిన వేడుక పెట్టుకుని ఇప్పుడు ప్రయాణమేంటి? ఆలోపు వచ్చేస్తారుగా?"

మేస్త్రి జేబులోంచి తిరుగు టికెట్టు తీసి ఆమె చేతికిచ్చాడు. చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. మరదలు టికెట్టు విప్పి చూసింది. నవంబరు ఇరవై రెండు.