ఐసు పెట్టెలో స్పంజిలు

అక్కకు రొమ్ము క్యాన్సరని తేలేసరికే అది ఊపిరితిత్తులకు పాకింది. విజయవాడ ఆసుపత్రిలో ఇంజక్షన్లు ఎక్కించుకుంటూ మా ఇంట్లోనే ఉండేది. బావది బందరు దగ్గర సముద్రపు వేట. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి మందుల సంగతంతా నాకు తెలుసని ఆయన నమ్మకం. నాకు తెలిసిందల్లా సిలబస్.

ఒకరోజు పేపర్లో వచ్చింది. సముద్రం అడుగున పెరిగే స్పంజిల్లో క్యాన్సర్ కణాలను ఆపే పదార్థం ఏదో ఉందట, పరిశోధన జరుగుతోందట. ఆ పై వారమే బావ పొద్దున్నే థర్మాకోల్ పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. నిండా స్పంజిలు. ఇన్నాళ్ళూ వలకు తగులుకుంటే చెత్తని తిట్టి నీళ్ళలోకి విసిరేసినవే. ఇప్పుడు రొయ్యలకు వేసినట్టు వరసకో ఐసు పొర పరిచి తెచ్చాడు. దారిలో కరిగిపోతోందని పామర్రులో బస్సు దిగి మళ్ళీ ఐసు వేయించాడట.

"తాజా సరుకు బామ్మర్దీ, వాసన చూడు. ఏ డాక్టరుగారికియ్యాలో చెప్పు, నేనే మోసుకొస్తా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఆయన మీదే అరిచాను. స్పంజిల్లో బోలెడు రకాలున్నాయనీ, బస్తాలకొద్దీ పిండినా చిటికెడు రాదనీ, వచ్చినా అది మనిషికిచ్చే మందు కావడానికి ఏళ్ళు పడుతుందనీ క్లాసులో చెప్పినట్టు చెప్పాను. బావ శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఈ రకం కాదంటావ్. ఎర్రది కూడా పడుద్ది, కాకపోతే లోతుకి పోవాల. పై వారం తెస్తాలే."

ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. లేనిపోని ఆశ ఎందుకు, వెళ్ళి గట్టిగా చెప్పేద్దామని లేచాను. మంచం మీది నుంచి అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"అది నాకు పన్జెయ్యదని తెల్సురా. మీ బావకి మాత్రం చెప్పమాక. ఆసుపత్రిలో ఆయన చేసేదేముంది? బెంచీ మీద కూకుని ఏడుత్తాడు. సముద్రంలో అయితే ఎతుక్కుంటా ఉంటాడు."

నాకు ఏడుపొచ్చింది. నేను చదివిన చదువంతా ఆ మంచం దగ్గర ఎందుకూ కొరగాలేదు. బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చి, నేనేమంటానోనని నా వైపు చూశాడు.

"ఎర్రది దొరికితే తీసుకురా బావా," అన్నాను. "రెండు పెట్టెలు తీసుకురా."