మాట్లాడకూడని వీధి

ఆమెను అందరూ పిలిచేది రేడియో అని. నోట్లో నువ్వుగింజ నానదు. మందుల షాపులో పనిచేసినప్పుడు, ఎవరికి ఏ జబ్బో పేటంతా తెలిసిపోతోందని యజమాని దండం పెట్టి సాగనంపాడు. అలాంటి మనిషిని ఏరికోరి పనిలో పెట్టుకుంది ఎన్నికల మీద పరిశోధన చేసే ఒక సంస్థ. అక్కడి మేడమ్‌కు కావలసింది జంకు లేకుండా తలుపు తట్టే మనిషి.

పని వినడానికి తేలికే. ఇంటింటికీ వెళ్ళి, ఏ పార్టీ మాటా ఎత్తకుండా, పోలింగు రోజున తప్పకుండా ఓటెయ్యమని చెప్పాలి. చిక్కల్లా ఒక్కటే. సగం వీధుల్లోనే చెప్పాలి. మిగతా సగంలో ఆ ఊసే ఎత్తకూడదు. ఒకరొచ్చి అడిగితే జనం కదులుతారా, లేక వాళ్ళంతట వాళ్ళే కదులుతారా అన్నది రెండూ పోల్చితేనే తేలుతుందట. ఏ వీధి ఎటన్నది చీటీలు తీసి నిర్ణయించారు.

"చెప్పకూడని చోట మీరు ఒక్క మాట జారినా మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే" అంది మేడమ్. పని సవ్యంగా చేస్తే ఉద్యోగం పర్మనెంటు అని కూడా అంది.

అక్క ఉండే వీధికి చెప్పకూడదన్న చీటీ వచ్చింది. తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క. ఆ వీధిలో తన అక్క ఉందని చెబితే పని ఇంకొకరికి పోతుందన్న భయంతో రేడియో, బుద్ధెరిగాక మొదటిసారి ఒక విషయం కడుపులో దాచుకుంది.

ఆ రోజు నుంచి పగలంతా పక్క వీధుల్లో గొంతు పోయేలా చెప్పేది. సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే మెట్ల మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని ఉండేవారు. ఎక్కడ నోరు జారుతుందోనని వక్కపొడి బుగ్గన పెట్టుకుని కూర్చునేది.

ఒకనాడు అక్కే అడిగింది. "మీ బావ ఉన్నప్పుడు ఓటుకి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళేవారు. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళనా, మాననా? నువ్వేమంటావే?"

మెట్ల మీది వాళ్ళంతా తలెత్తి చూశారు. వెళ్ళమంటే ఉద్యోగం పోతుంది, వద్దనడానికి నోరు రాదు.

"నన్నేం అడక్కక్కా" అంది నేల చూపులు చూస్తూ. "నీ ఇష్టం." గబగబా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పోలింగు అయ్యాక, వీధివారీగా ఎంతమంది ఓటేశారో లెక్క సంస్థ చేతికి వచ్చింది. మేడమ్ ఫోనులో సంబరపడిపోయింది. "మీరు తిరిగిన వీధుల్లో జనం బారులు తీరారండీ! తిరగని వీధుల్లో బాగా తక్కువ. అందులో ఒక వీధైతే దాదాపు ఖాళీ. ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదు." ఆ ఒక్కటీ అక్క ఉండే వీధేనని విన్న రేడియో ఫోను పెట్టేసి అక్క ఇంటికి పరుగెత్తింది.

అక్క ఆమెను లోపలికి లాగి తలుపు వేసింది. "ఇప్పుడైనా చెప్పవే. ఏం గొడవ జరుగుతుందని విన్నావు?"

"గొడవేంటక్కా?"

"ఊళ్ళో ప్రతి గడపా తొక్కి ఓటెయ్యమన్నావు. మా దగ్గరికొచ్చేసరికి నోరు కుట్టేసుకున్నావు. అడిగితే మొహం చాటేశావు. నువ్వే మాట దాచావంటే అది చిన్న విషయమా? అందరికీ నేనే చెప్పాను, మా చెల్లెలు వద్దంటోంది, ఎవరూ కదలకండని. పెళ్ళైనప్పటి నుంచి ఒక్కసారీ మానలేదే నేను. నీ మొహం చూసి మానేశాను."

రేడియోకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మేడమ్‌కు ఫోను చేసింది.

"ఆ వీధి లెక్క కొట్టెయ్యండి మేడమ్. అక్కడ ఓటెయ్యొద్దని చెప్పింది నేనే."