పరికిణీ కట్టిన పడవ

మొన్న మధ్యాహ్నం పెడన నుంచి ఒకమ్మాయి ఆరు పెళ్ళి జాకెట్లు కుట్టించుకోడానికి బందరులో మా షాపుకి వచ్చింది. నేను టేపు తీసేలోపు ఫోన్ చూసుకుంటూ నిలబడి, ఉన్నట్టుండి దాన్ని నా ముఖం ముందు పెట్టి, "ఆంటీ, ఇది పడవా, విమానమా?" అంది. ఎక్కడో చలిదేశంలో ఇద్దరు మగవాళ్ళు, చేతుల్లో తుపాకులు, మధ్యలో ఒక కుక్క. వాళ్ళెక్కిన బండి నీళ్ళ మీద నుంచి రెల్లు పొదల మీదికి, పొదల మీద నుంచి బురద మీదికి, ఒక్క కుదుపు లేకుండా జారిపోతోంది. కుక్క చెవులు గాలికి వెనక్కి వాలిపోయాయి. "నాకేం తెలుసమ్మా, చెయ్యెత్తు, చంక కొలత తీసుకోవాలి" అన్నాను. తెలియకపోవడం ఏమిటి. అలాంటి బండికి టేపు పెట్టి కొలతలు తీసుకుని, గుడ్డ కత్తిరించి కుట్టిన ఆడమనిషి ఈ కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ పిల్ల జాకెట్లకి ఆ రోజు కొలతలు తప్పు రాశాను. మర్నాడు ఫోన్ చేసి మళ్ళీ రమ్మనాల్సి వచ్చింది.

ఆ బండి మా బావది, అంటే మా అక్క భర్తది. వాళ్ళ ఊరు దివిసీమలో కోడూరు దాటాక, రోడ్డు అయిపోయి మడ అడవి మొదలయ్యే చోట. బావ వృత్తి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు బాగుచెయ్యడం. వ్యసనం, బాగానే ఉన్నవాటిని విప్పి చూడడం. మా అక్క కాపురానికి వెళ్ళిన మొదటి నెలలోనే మిక్సీ విప్పాడు. "మీ బావ చేతికి అందకుండా దాచుకోవాల్సినవి రెండేనే, నా మంగళసూత్రం, గ్రైండరూ" అనేది అక్క. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గ్రీజు వాసనతో ఉండేవాడు. కోపం రావడం నేను చూడలేదు. మా ఆయన పోయిన ఏడాది నేను ఎవరి ఇంటికీ వెళ్ళడం మానేస్తే, బందరు వచ్చి, నా కుట్టు మిషను ఆటోలో వేసుకుని వాళ్ళ ఊరు తీసుకెళ్ళిపోయాడు. మిషను వెళ్ళాక నేను మాత్రం ఏం చేస్తాను, వెనకే వెళ్ళాను. ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి సోమవారం తిరిగి రావడం అలవాటైంది.

గాలి పడవ ఆలోచన ఆయనకి ఫోన్‌లో వీడియోలు చూసి పుట్టింది. వాళ్ళ ఊరి ముందు పాయ దాటితే మైళ్ళకొద్దీ బురద మేట. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, పడవకి చాలినన్ని నీళ్ళుండవు, నడుద్దామంటే తొడల దాకా దిగిపోతుంది. నీళ్ళకీ నేలకీ కాని ఆ చోటికి, రెంటికీ కాని బండి ఒకటి కావాలని బావ వాదన. రెండేళ్ళు పట్టింది. ప్లైవుడ్డు, థర్మాకోలు, పైన ఫైబర్ పూత. కిందికి గాలి ఊదడానికి ఒక చిన్న ఇంజను, వెనక నుంచి తోయడానికి పాత కారు ఇంజనుకి బిగించిన చెక్క ఫ్యాను. ఆ ఫ్యాను రెక్కలు చెక్కిచ్చిన పడవల వడ్రంగి, అది ఎందుకో తెలిశాక దండం పెట్టి వెళ్ళిపోయాడు. చివరికి మిగిలింది చుట్టూ వేలాడే గుడ్డ. ఊదిన గాలి పక్కలకి పారిపోకుండా అది పట్టి ఉంచితేనే బండి లేస్తుంది. "దీన్ని ఇంగ్లీషులో స్కర్టు అంటారు మరదలా, ఇక నీదే భారం" అన్నాడు బావ. "అయితే నీ బండికి పరికిణీ కుట్టాలా?" అన్నాను. వెల్లకిలా పడుకుని కింద కొలతలు తీసుకున్నాను. నీలం రంగు లారీ టార్పాలిను, నైలాను దారం, జోడు కుట్టు. మొదటిసారి ఇంజను వేసినప్పుడు పరికిణీ బుస్సున ఉబ్బి, బండి జానెడు లేచి, పిండిమరకి పూనకం వచ్చినట్టు మోత మోగింది. మా అక్క చెవులు మూసుకుని నవ్వుతూ ఏడ్చింది. ఊళ్ళో పిల్లలు దానికి పరికిణీ పడవ అని పేరు పెట్టేశారు.

కొన్నాళ్ళు అది అందరికీ ఆటబొమ్మ. ఆదివారాలు అక్కనీ నన్నూ ఎక్కించుకుని మేట మీద తిప్పేవాడు. కింద వేల పీతలు ఒక్కసారిగా బొరియల్లోకి దూరేవి. మొహాన ఉప్పు గాలి, బురద తుంపర. మా అక్క కొంగు నడుముకి బిగించి, ఇంకాస్త జోరుగా పోనిమ్మని కేకలు వేసేది. ఆ సంగతి గుడివాడలో ఉన్న బావ స్నేహితుడికి తెలిసింది. ఆయనకి చేపల చెరువులున్నాయి, వాళ్ళ నాన్నగారి తుపాకీ ఉంది, పక్షుల వేట సరదా ఉంది. అక్కడ వేట నిషేధమని నేనన్నాను గాని మగవాళ్ళ సరదాల్లో మన మాట వినేదెవరు. తీరా ఆయన ఎక్కి కూర్చుంటే బండి లేవలేదు. దిగితే లేచింది. ముందుకి జరిగి, వెనక్కి జరిగి, చివరికి చెప్పులూ టిఫిను క్యారియరూ ఒడ్డున వదిలేసి బయల్దేరారు. ఆ మోతకి బాతులేమిటి, రెండు ఊళ్ళ అవతల కొంగలు కూడా లేచిపోయాయి. సాయంత్రం దాకా తిరిగి, ఒక ఈకైనా లేకుండా వచ్చారు. "దీని మీద వేటకెళ్ళడం డప్పు కొట్టుకుంటూ దొంగతనానికి వెళ్ళడం లాంటిది" అన్నాడు ఆయన, సగం బురదలో ఉన్న మొహంతో. అక్క ఆ పూట కొరమేను పులుసు పెట్టి పంపింది.

దాని అసలు పని ఏమిటో ఒక చలికాలం తెలిసింది. మేట మీద పీతలు పట్టే ఒకామె నడుము దాకా బురదలో దిగిపోయిందని మత్స్యకారుల పల్లె నుంచి పరుగెత్తుకొచ్చారు. బావ వెళ్ళి, ఆమె చంకల కింద తాడు వేసి లాగి తెచ్చాడు. అప్పటి నుంచి ఆ పల్లెలో ఎవరికి ఆపద వచ్చినా బావకే ఫోన్. మూడు నాలుగు సార్లు వెళ్ళాడు. తర్వాత వాళ్ళు గుమ్మంలో బొమ్మిడాయిలో పీతలో పెట్టి, పిలిచినా లోపలికి రాకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పని మీద బయల్దేరే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. నాలాంటి భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదు. మా అమ్మ దగ్గర మా ఇద్దరికీ ఒంటబట్టిన పద్ధతి. బావ దాన్ని లెక్కచేసేవాడు కాదు. బయల్దేరే ముందు కావాలనే వంటింట్లోకి తొంగిచూసి, "మరదలా, ఓసారి ఎదురురా, నువ్వొస్తే నాకు కలిసొస్తుంది" అనేవాడు. నేను వెళ్ళేదాన్ని కాదు. అక్క వెళ్ళేది.

ఆ వారం ఏదో మడ మోడు తగిలి పరికిణీ ఒక పక్క బారెడు చిరిగింది. ఆదివారం బావ గుడివాడ పనికి వెళ్ళాడు. నేను చిరిగిన ముక్క తీసేసి, కొత్త ముక్క కత్తిరించి, సరిపోయిందో లేదో చూద్దామని బండికే పట్టి చేత్తో కచ్చా కుట్టు వేశాను. దర్జీ పని చేసేవాళ్ళందరం అంతే చేస్తాం. ముందు కచ్చా వేసి చూసుకుంటాం, తర్వాత విప్పి మిషను మీద గట్టి కుట్టు వేస్తాం. టార్పాలిను కుట్టే లావు మిషను సూది విరిగిపోయి ఉంది. సోమవారం అవనిగడ్డ నుంచి కొత్తది తెప్పించి కుట్టొచ్చులే అనుకున్నాను. పైకి చూస్తే కుట్టు నీటుగా, పూర్తయినట్టే ఉంది. బావ రాత్రి వచ్చి, షెడ్డులో దాన్ని తడిమి చూసి, "బాగా కుదిరింది" అన్నాడట అక్కతో. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. నేనప్పటికి పడుకున్నాను. అది ఇంకా కచ్చా కుట్టేనని పొద్దున లేచాకైనా ఆయనకి చెప్పలేదు, సూది రాగానే కుట్టేస్తాను కదా అనుకున్నాను.

సోమవారం భోజనాల వేళ ఫోన్ వచ్చింది. గుల్లలు ఏరడానికి మేట చివరి దిబ్బ మీదికి వెళ్ళిన ఐదుగురు ఆడవాళ్ళ చుట్టూ పోటు కమ్మేస్తోంది. అమావాస్య దగ్గర పోటు, గాలి కూడా తోడైంది. బావ చెయ్యి కడిగీ కడగకుండా లేచాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. షెడ్డు తలుపు చప్పుడుకి తిరిగి చూస్తే అప్పటికే బండిని రేవులోకి తోసుకుపోతున్నాడు. పరికిణీకి ఉన్నది ఇంకా కచ్చా కుట్టే. పక్క దారిన పరుగెత్తితే ఆయనకి ముందు చేరుకునేదాన్ని, కానీ అది ఎదురెళ్ళడం. వెనక నుంచి పిలవాలి, అదీ కూడదు. అయినా నోరు తెరిచాను. అప్పుడు అక్క వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కూడా కాదు. "పిలవమాకే, మంచి పని మీద వెళ్తున్నారు" అంది. ఇంజను మోగింది. చెయ్యి విడిపించుకోవడం నాకు పెద్ద పని కాదు. విడిపించుకోలేదు. మొదటి ట్రిప్పు అయ్యాక వస్తాడు, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, అడ్డు పడి ఏదైనా జరిగితే నన్నంటారని భయపడ్డాను. లోపలికెళ్ళి ఫోన్ చేశాను, మళ్ళీ మళ్ళీ చేశాను. ఆ మోతలో ఆయనకేం వినిపిస్తుంది.

మా రేవుకి రాలేదు. దగ్గరని పల్లె రేవులోనే దింపాడు, ఇద్దరిద్దరి చొప్పున నలుగురిని. మూడో ట్రిప్పులో ఒక్క ముసలామె మిగిలింది. జరిగింది చెప్పడానికి ఉన్నది ఆమె ఒక్కతే. మర్నాడు మా వాకిట్లో కూర్చుని చెప్పింది. "నన్నెక్కించుకున్నాక పక్కన గుడ్డ ఊడిపోయిందమ్మా. గాలంతా అటు పోయి బండి కూలబడింది. బాబుగారు దిగి తోశారు. నువ్వు కదలమాకు అత్తా, గట్టిగా పట్టుకో అన్నారు. ఆయన దిగేసరికి బరువు తగ్గి బండి తేలింది, గాలి లాక్కుపోయింది. ఆయన కాళ్ళు బురదలో దిగిపోయినై. తాడు ఇసిరానమ్మా, అందలేదు. పో అత్తా పో అని చెయ్యి ఊపారు." నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చేవరకే ఆమెకి కనిపించింది. పడవలు పోవడానికి చాలినన్ని నీళ్ళు వచ్చేసరికి, ఆయన నిలబడ్డ చోట ఆ నీళ్ళే ఉన్నాయి. మర్నాడు పాటు తీసినప్పుడు దొరికాడు.

బండిని పల్లెవాళ్ళు లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. ఇల్లంతా జనం ఉండగా నేను కత్తెర తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. నీలం గుడ్డ అంచున తెల్ల కచ్చా దారం ముక్కలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ కత్తిరించి జాకెట్లో దోపుకున్నాను. నేను చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది అదొక్కటే. ఆ తర్వాత ఎవరో, గుల్లల అంచులు కోసుకుని గుడ్డ తెగి ఉంటుందన్నారు. నేను తల ఊపాను. అక్కకి నిజం చెప్పాలని అప్పట్లో రోజూ అనుకునేదాన్ని. కానీ సగం నిజం చెప్పడానికి లేదు. కుట్టు సంగతి చెబితే, నేనెందుకు నోరు తెరిచానో కూడా అక్కకి తెలుస్తుంది. అప్పుడు తన చెయ్యి సంగతి తనే గుర్తు తెచ్చుకుంటుంది. తప్పు నాది. దాన్ని ఆమె చేతిలో ఎలా పెట్టను? ఏడాది తిరక్కుండా అక్కని బందరు తెచ్చేసుకున్నాను. షాపు మీద గదిలో ఇద్దరం ఉంటాం. తను కాజాలు కుడుతుంది, హుక్కులు వేస్తుంది. తొమ్మిదేళ్ళుగా పోట్లాడుకుంటూ, సీరియళ్ళు చూసుకుంటూ బాగానే ఉన్నాం. ఆ మధ్యాహ్నం గురించి మాత్రం ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ ఏడు బావ తద్దినం నాడు వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయాక, అక్క గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "ఆ రోజు నువ్వు పిలవబోయావు కదే. ఎందుకు?"

తొమ్మిదేళ్ళు ఈ ప్రశ్నకి భయపడ్డాను గాని, జవాబు మాత్రం తయారు చేసుకోలేదు. నోటికి తట్టిన వాటిల్లో ఎవరికీ నొప్పి కలగని చిన్న అబద్ధం ఏరుకున్నాను.

"ఏం లేదక్కా. బావ నీళ్ళ సీసా మర్చిపోయాడు. అది చెబుదామని."

అక్క చేతిలో గిన్నె కింద పెట్టింది. తర్వాత, "అంటే దాహంతోనే పోయారన్నమాట" అంది. "చుట్టూ అన్ని ఉప్పునీళ్ళు. నేను నీ చెయ్యి పట్టుకోకపోతే, గుక్కెడు మంచినీళ్ళన్నా తాగేవారు కదే."

అలా గోడకి ఆనుకుని కూర్చుండిపోయి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను. అది అబద్ధమని చెప్పడానికి వీల్లేదు, చెబితే నిజం అడుగుతుంది. అసలు ఆ రోజు ఆయన నీళ్ళు పట్టుకెళ్ళాడో లేదో నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే స్నానం కాగానే బావ ఫోటో ముందు గ్లాసెడు మంచినీళ్ళు పెడుతోంది. కాలం అన్నిటినీ మాన్పుతుందని అందరూ అంటారు. మా అక్క విషయంలో అది తొమ్మిదేళ్ళు ఓపిగ్గా తన పని తాను చేసుకుపోతుంటే, నేనొక్క మాటతో ఆమెని తీసుకెళ్ళి మళ్ళీ మొదటి రోజులో కూర్చోబెట్టాను.