నేను ఎత్తుకోని బిడ్డ

ఒక బిడ్డ బరువు ఏళ్ల తరబడి నా నడుము మీద ఉంది. ఆ బిడ్డను నేను ఎప్పుడూ ఎత్తుకోలేదు. రెండు మాటలూ నిజమే. వాటి మధ్య ఉన్నదే ఇప్పుడు మీకు చెప్పబోయే తప్పు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన నోటితో ఎండల గురించో కరెంటు కోత గురించో మాట్లాడి మూసేశాను.

నాది మెదడు చదువు. పసికందు మెదడు ఎలా ఎదుగుతుంది, గొంతునూ స్పర్శనూ వాసననూ కలిపి ఒక మనిషిగా ఎలా గుర్తుపడుతుంది అన్నది నా పీహెచ్‌డీ. ఇప్పుడు మంగళగిరి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈ చదువుకు ఎలా దరఖాస్తు చేయాలో అడగడానికి ఏటా కొంతమంది పిల్లలు వస్తారు. చెబుతాను. ముందు అర్హత పరీక్ష గట్టెక్కండి. సంస్థ పేరు చూసి పరుగెత్తకండి, ఏ ల్యాబులో ఏ పని జరుగుతోందో చదవండి. గైడుకు రాసే మెయిల్ చిన్నదిగా ఉండాలి, ఆయన పనిలో మీకు అంతుబట్టనిదేమిటో అందులో ఉండాలి. సిఫారసు కోసం మేష్టార్లను ఆఖరి వారంలో అడిగితే విసుక్కుంటారు, విసుక్కోవడం న్యాయమే. ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదనండి. ఇవన్నీ అయ్యాక ఒక మాట అంటాను. మార్కులు అందరికీ ఉంటాయమ్మా, మీదైన ప్రశ్న ఒకటి పట్టుకెళ్లండి. పిల్లలు తలలు వంచి శ్రద్ధగా రాసుకుంటారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

నా ప్రశ్న నాది కాదు. దీవెనది.

దీవెన అన్నది ఇక్కడ రాయడానికి నేను పెట్టిన పేరు, అసలు పేరు వేరు. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన, మేడ మీది గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. ఎమ్మెస్సీ అయిపోయి ఆ అర్హత పరీక్షకు చదువుతున్న రోజులు. తనది ప్రకాశం వైపు పల్లె. తండ్రి వాళ్ల చర్చిలో గంట కొట్టేవాడు, బల్లలు సర్దేవాడు. తల్లి కూలికి వెళ్లేది. మాది గుంటూరు అవతల ఊరు. మిరప, పత్తి పండే పొలం మాది, కాయలు ఆరబోసే కల్లమూ మాదే. నేను ఆ కల్లాన్ని డాబా మీంచి చూసి ఎరుగుదును. ఎండ ముదిరాక ఆ ఎరుపు మీద గాలి సన్నగా వణికేది. అందులో కూర్చున్న ఆడవాళ్లు నీళ్లలో మనుషుల్లా కదిలేవాళ్లు. ఘాటుకు దగ్గు వస్తే మా అమ్మ లోపలికి రమ్మని కేకేసేది. లోపలికి వెళ్లిపోయేదాన్ని. మిరపకాయతో నా పరిచయం అంతే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. తడి తువాళ్లు మొహాన వేసుకుని ఇద్దరం నేల మీద పడుకున్నాం. ఆ తువాలు కిందనుంచి దీవెన గొంతు వచ్చింది, ఎక్కడో దూరాన్నుంచి వచ్చినట్టు. ఈ చదువు తనకెందుకు కావాలో చెప్పింది.

కాయలకు తొడిమలు తుంచే పనిలో చేతులు మండిపోతాయి. ఎంత కడిగినా పోదు. ఆ కాలమంతా తల్లులు పసిపిల్లల్ని ముట్టుకోరు. దీవెనకు పదేళ్లప్పుడు చెల్లెలు పుట్టింది. బిడ్డ ఏడిస్తే తల్లి కల్లంలోంచి లేచి గట్టు మీదికొచ్చి కూర్చునేది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. దీవెన బిడ్డను తెచ్చి తల్లి రొమ్ముకు ఆనించి పట్టుకునేది. పాలు తల్లివి, పాట తల్లిది, చేతులు మాత్రం అక్కవి. బిడ్డ పాలు తాగుతూ తల్లి మొహంలోకి చూసేది, పిడికిలితో దీవెన వేలు పట్టుకునేది. పని ముగిసి, చేతుల మంట చల్లారి, ఎన్నాళ్లకో తల్లి తన చేత్తో ఎత్తుకుంటే ఆ బిడ్డ బిగుసుకుపోయి ఏడ్చిందట. తల్లి పాట అందుకోగానే ఊరుకుందట. కళ్లు మూసుకుని వింటూ, చెయ్యి మాత్రం దీవెన వైపు చాచిందట.

"దాని బుర్రలో అమ్మ అంటే గొంతా, చెయ్యా?" అంది దీవెన. "అదే తెలుసుకోవాలే నాకు."

నేను అసూయ పడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. నాకు పుస్తకాలున్నాయి, ఇంగ్లీషు ఉంది, చక్కటి మార్కులున్నాయి. అలాంటి మధ్యాహ్నం ఒక్కటి లేదు.

రాతపరీక్ష ఇద్దరం గట్టెక్కాం. పక్క రాష్ట్రంలో ఒకే సంస్థ నుంచి ఇద్దరికీ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. డాబా మీద సాధన చేసేవాళ్లం. ఒకరు ప్రొఫెసర్, ఒకరు అభ్యర్థి. దీవెన ఇంగ్లీషు తడబడేది. నేను దిద్దేదాన్ని. ఆ మాట కాదు, ఈ మాట అను. ఇక్కడ కాస్త ఆగు, అప్పుడు చేతుల సంగతి చెప్పు. అలా దిద్దగా దిద్దగా ఆ కథ నా నాలుక మీద తనకంటే నున్నగా ఆడసాగింది. అంత దిద్దిందాన్ని, దిద్దినందుకు అందులో నాకూ వాటా ఉందని ఎక్కడో అనుకున్నానా? అనుకునే ఉంటాను.

చాలాకాలం నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, ఇంటర్వ్యూ గదిలో భయంతో ఆ కథ దానంతటదే నా నోట్లోంచి వచ్చేసిందని. అది అబద్ధం. వెళ్లేటప్పుడు రైల్లో దీవెన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బయట పత్తి చేలు తెల్లగా, మెల్లగా వెనక్కి పోతున్నాయి. తన ఊపిరి నా మెడకు తగులుతోంది. అప్పుడు ఆ కథను మనసులో మొదటినుంచీ చెప్పుకుంటూ, దీవెన ఉన్నచోట 'నేను' పెట్టి చూశాను. ఊరికే, ఎలా ఉంటుందో అని. నాకు చెల్లెలు లేదు. కాబట్టి మా కల్లంలో పనిచేసే ఆమె బిడ్డను ఎత్తుకునేదాన్ని అని మార్చాను. బాగా కుదిరింది. ఊరికే అనుకుని చూసేవాళ్లు, తమకు చెల్లెలు లేదన్న చిక్కు దాకా ఆలోచిస్తారా?

పొద్దున నన్ను పిలిచారు. ఈ రంగమే ఎందుకని అడిగితే, మెదడు అన్నిటికన్నా సంక్లిష్టమైనది అంటూ మొదలుపెట్టాను. బల్ల అవతలి మేడమ్ మర్యాదగా ఆవులింత ఆపుకుంది. మీ జీవితంలోంచి ఏదైనా చెప్పమంది. చెప్పాను. డాబా మీద ఆగమన్నచోటే ఆగాను. ఆవిడ కలం కింద పెట్టి ముందుకు వంగింది.

మా ఊళ్లో ఎవరైనా అయితే అక్కడే పట్టుకునేవారు. ఆసామి కూతురు కల్లంలోకి దిగి, కూలికొచ్చినామె బిడ్డను చంకనెత్తుకుని పాలకు పడుతుందా? వినగానే నవ్వేవారు. ఆ గదిలో నవ్వడానికి మా వైపువాళ్లు లేరు.

మధ్యాహ్నం దీవెన లోపలికి వెళ్లింది. బయటికొచ్చి మొహం కడుక్కోవడానికి పోయింది. అంతలో ఆ మేడమ్ వరండాలోకి వచ్చి, మీ స్నేహితురాలు కూడా ఇదే చెప్పింది, మీకేమైనా తెలుసా అని మెత్తగా అడిగింది. ఒక్క మాట చాలు అప్పుడు. అది తనదేనండీ. అంతే. నేను మాత్రం, ఒకే గదిలో ఉంటామనీ, నేను తనకు చాలాసార్లు చెప్పాననీ అన్నాను. పాపం, తను కావాలని చేసి ఉండదు మేడమ్, అని కూడా అన్నాను. ఆ 'పాపం' అన్నదాన్ని నేను మర్చిపోలేదు. దొంగతనం ఒకటి, దాని మీద జాలి ఒకటి.

దీవెన వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"ఏమే, వాళ్లు నా మాట నమ్మలేదే," అంది. "ఇది మీకు జరిగిందా, ఎక్కడైనా విన్నారా అనడిగారు. మా చెల్లేనండీ, నేనే ఎత్తుకునేదాన్నండీ అన్నా. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు."

"అందర్నీ అట్టాగే అడుగుతార్లే," అన్నాను.

"నిన్నూ అడిగారా?"

"అడిగారు."

"మరి నువ్వేం చెప్పావు?"

"నాదే అని చెప్పాను."

తను తల ఊపింది. "నేనూ అదే చెప్పా," అంది. నా సీసాలోంచి నీళ్లు తాగింది.

నాకు సీటొచ్చింది. దీవెనకు రాలేదు. తను నాకు బ్యాగు సర్దిపెట్టింది. మరుసటి ఏడు మళ్లీ రాయమంటే ఇంట్లో కుదరదంది, నేను గట్టిగా అడగలేదు. గట్టిగా అడిగితే రాస్తుందేమోనని భయం. నేను ల్యాబులో ఎలుకపిల్లల వీపును, తల్లి నాకినట్టుగా, మెత్తని కుంచెతో నిమురుతూ ఏళ్లు గడిపాను. దీవెన ప్రశ్నను నా పేరుతో ఎన్ని సభల్లో చెప్పానో. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త నాదైంది. ఇప్పుడు పగలు కునుకు తీస్తే కూడా ఆ గట్టు కనిపిస్తుంది. ఎరుపు మీద గాలి వణుకుతుంది. చంకలో పసిబిడ్డ వెచ్చగా, తడిగా, బరువుగా ఉంటుంది. నా వేలు పట్టుకుంటుంది. జ్ఞాపకం చెప్పగా చెప్పగా మారుతుందని క్లాసులో నేనే చెబుతాను. లేనిది మొలవడం నా ఒంట్లోనే చూశాను. నాకు మొలిచినంత మేరా ఇంకొకరికి ఊడిపోయి ఉంటుందన్న ఆలోచన మాత్రం రాలేదు. రానివ్వలేదు.

దీవెన ఇప్పుడు సింగరాయకొండ వైపు ఒక జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతోంది. మొన్న తన దగ్గర చదువుకున్న ఒకమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఎమ్మెస్సీ పూర్తి చేసింది, ఇదే చదువుకు దరఖాస్తు చేయాలట. ఎందుకమ్మా ఈ రంగం అనడిగాను. మెదడు అన్నిటికన్నా సంక్లిష్టమైనదండీ అంది ఆ పిల్ల. నీ ఇంట్లోంచి, నీ ఊళ్లోంచి ఏదైనా చెప్పు అన్నాను. ఆ పిల్ల దీవెన వైపు చూసింది.

"ఇంటి సంగతులు చెప్పొద్దని నేనే అన్నానే," అంది దీవెన నవ్వుతూ. "మనకు జరిగిందనుకుంటాం, నిజానికి ఎంత జరిగిందో ఎవరికి తెలుసు? నా సంగతే చూడు. చెల్లి మా అమ్మ పాటకు ఊరుకుందన్నానా? చెయ్యి చాచిందన్నానా? అందులో ఎంత నేను చూసిందో, ఎంత నువ్వు దిద్దిందో నాకే తెలీదిప్పుడు. ఆ ఇంటర్వ్యూలో వాళ్లు నమ్మకపోవడంలో తప్పేముంది?"

టీ చల్లారిపోతుందని చెప్పాను. వాళ్లిద్దరికీ టీ ఇచ్చాను. ఆ పిల్లకు మెయిల్ ఎలా రాయాలో చెప్పాను. వాళ్లను బస్సు ఎక్కించి వచ్చాను. సీటు పోయిందని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. తన చెల్లెలి పసితనాన్ని కూడా తన దగ్గర లేకుండా చేశానని ఆ రోజు తెలిసింది. అప్పుడు కూడా నోరు పెగల్లేదు.

అందుకే ఇది రాశాను. పొద్దున దీవెనకు ఫోన్‌లో పంపాను, ఆ తర్వాతే మీకిస్తున్నాను. తను చదివినట్టు గుర్తు కనిపించింది. జవాబు లేదు. రాకపోవచ్చు. వస్తే ఏముంటుందో నాకు తెలియదు, క్షమించమని నేను అడగనూ లేదు. ఉద్యోగం, పేరు, ఏం పోతాయో పోనీ. పంపాక ఊపిరి సాఫీగా ఆడింది. అంత తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుగానే ఉంది.

అందులో నేను దిద్దింది ఇంగ్లీషు ఒక్కటే, దీవెనా. మీ చెల్లి పాటకు ఊరుకుంది. నీకోసమే చెయ్యి చాచింది. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం నువ్వు తెలుగులో చెప్పావు, నేను విన్నాను.