గంటసేపు చెయ్యి పట్టుకునే డాక్టరు

మా నాచారం గల్లీలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఆ వరుసలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. డాక్టర్ రామ్మోహనరావు గారు మా ఇంటి ముందుగదిలో దవాఖానా పెట్టాక ఆ ఆకలి ఇంకో గంట పెరిగింది.

పిలిస్తే వెంటనే వచ్చేవారు. గుండెకు గొట్టం పెట్టి, కంట్లో టార్చి వేసి చూసేవారు. అక్కడితో కాగితం రాసిచ్చేస్తే అందరికీ బాగుండేది. ఆయన అలా చేయరు. పీట తెప్పించుకుని కూర్చుని, పోయినవాళ్ల మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, గడియారం చూసుకుంటూ గంటసేపు పట్టుకునేవారు. గంట నిండాకే కాగితం. మునిసిపాలిటీలో ఆ కాగితం అడుగుతారు కాబట్టి ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

"సారు కూసుండంటే గల్లీ మొత్తం ఉపాసమే," అనేవాడు కనకరాజు. మా ఎదురింటివాడు, మల్లాపూర్‌లో వాచ్‌మన్‌గా చేసి మానేసినవాడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. చదువు ఆగింది గానీ అడగడం ఆగలేదు. 2002లో సారు గది అద్దెకు అడగడానికి వచ్చినప్పుడు ఆయనకు డెబ్బై ఏళ్లు. గళ్ల లుంగీ, తెల్లచొక్కా, ఒక్క ట్రంకుపెట్టె. ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పాతికేళ్లు డాక్టరుగా చేశారని, తర్వాత ఉప్పల్‌లో ఏదో నర్సింగ్‌హోములో కూర్చున్నారని, భార్య త్రిపురసుందరి పోయి రెండేళ్లని, పిల్లలు లేరని మొదటిరోజే రాబట్టాను. పుట్టింది రంగూన్‌లో అని తెలియడానికి మాత్రం వారం పట్టింది. అదీ వంట వాసన వల్ల. చేపల పులుసులో అరటి దూట వేసి, సేమ్యా లాంటిదేదో కలుపుకుని తింటుంటే అడగకుండా ఎలా ఉంటాను.

"గిదేం పులుసు సారూ?"

"బర్మా పులుసు చెల్లెమ్మా. తింటావేటి?"

తిన్నాను. ఉప్పు తక్కువ, మిగతాదంతా బాగుంది.

వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లారట. ఈయన అక్కడే డాక్టరీ చదివారు. 1964లో అక్కడి సర్కారు మనవాళ్లను ఉండనివ్వకపోతే భార్యతో మళ్లీ ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. ఓడెక్కే ముందు రంగూన్ రేవులో ఆమె మెడలో పుస్తెలతాడు కూడా తీయించుకున్నారట. ఇన్ని చెప్పిన మనిషి, ఆ చెయ్యి పట్టుకునే సంగతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మాట తిప్పేసేవారు.

2007 ఎండాకాలంలో ఒక పొద్దున కనకరాజు లేవలేదు. ఒళ్లంతా చల్లచెమట, పిలిస్తే పలకడు. ఇంట్లోవాళ్లు చాప మీదికి దించి, తలాపున దీపం పెట్టి, నోట్లో తులసినీళ్లు పోశారు. సారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. రెండో నిమిషంలోనే "దీపం తీసేయండి" అన్నారు. షుగరు పడిపోయిందట. గ్లూకోజు సూది వేస్తే పావుగంటలో కనకరాజు కళ్లు తెరిచి, చాప మీద ఎవడు పడుకోబెట్టాడని ఇంటిల్లిపాదినీ తిట్టాడు.

ఆ కథను నేను ఉప్పల్ బస్టాండు దాకా మోశాను. చెప్పిన ప్రతిసారీ కొంత పెరిగింది, కొంత తరిగింది. సారు చెయ్యి పట్టుకోవడం మిగిలింది, సూది జారిపోయింది. నెల తిరిగేసరికి, ఆ బర్మా డాక్టరు గంటసేపు చెయ్యి పట్టుకుంటే పోయిన ప్రాణం తిరిగొస్తుందని మల్లాపూర్‌లో కూడా అనుకున్నారు. నేను కాదనలేదు. ఆయన ఉంటున్నది నా గదిలో కాబట్టి ఆ గొప్పలో కొంత నాకూ వచ్చేది.

2011లో సకల జనుల సమ్మె. బస్సులు లేవు, ఆటోలు లేవు, అందరం అరుగుల మీదే. ఒక సాయంత్రం కనకరాజు బీడీ ముట్టించుకుని, "తెలంగాణ వస్తే ఆంధ్రోళ్లందర్నీ బస్సెక్కిస్తం సారూ. మీకైతే ముంగటి సీటు," అన్నాడు. అందరం నవ్వాం. సారు కూడా నవ్వారు.

మర్నాడు గది ఊడవడానికి వెళ్తే మంచం కింద ట్రంకుపెట్టె కనిపించింది. తాళం వేసి, పైన తాడు కట్టి ఉంది.

"ఏంది సారూ ఇది? వాడు మస్కిరీకన్నడు. వాడు బతికిందే మీ చేతిల."

"తెలుసు చెల్లెమ్మా. రెండుసార్లు సర్దుకునే టైము దొరకలేదు. ఈసారి ముందే సర్దీసేను."

"అరవై నాలుగుల ఒకసారి. రెండోదేంది?"

ఆరోజు మాట తిప్పలేదు. మంచం మీద కూర్చుని, గోడను చూస్తూ చెప్పారు.

రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, 1942లో వేలమంది మనవాళ్లు కాలినడకన బయలుదేరారు. అప్పుడాయనకు పదేళ్లు. తల్లీ తండ్రీ ఆయనా ఐరావతి నది దాటి కొండల్లో పడ్డారు. ఐదోరోజు తల్లికి వాంతులు, విరేచనాలు. కలరా. దారి పక్కన వెదురుపొద నీడలో పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి కదలడం మానేసింది. అయిపోయిందన్నాడు తండ్రి. ముట్టుకోవద్దన్నాడు. తండ్రి చెంబు పట్టుకుని వాగుకు వెళ్లినప్పుడు ఈయన తల్లి మణికట్టు మీద బొటనవేలు పెట్టి చూశారు.

"కొట్టుకుంది చెల్లెమ్మా. టకటకా కొట్టుకుంది. నాన్నకి చెప్పేను. ఆయన నా రెక్క పట్టుకుని లాక్కుపోయేడు. చెంబుతో నీళ్లు మాత్రం ఆవిడ పక్కన పెట్టేడు. చచ్చిపోయిన మనిషికి నీళ్లెందుకు?"

నేను చీపురు పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాను.

"యుద్ధం అయిపోయేక మళ్లీ రంగూనే వెళ్లేం. డాక్టరీలో చేరితే మొదట్లోనే చెప్పేరు, నాడి చూడ్డానికి బొటనవేలు పెట్టకూడదు, దాన్లో మన నాడే కొట్టుకుంటాది అని. నేను విన్నది అమ్మదా, నాదా? అది తేలకుండానే డాక్టర్నైపోయేను."

ఇది జరిగిన ఎనిమిదోరోజు పొద్దున, పక్క వరుసలో ఉండే సాంబయ్య నల్లా దగ్గర బిందె ఎత్తుతూ కూలబడ్డాడు. ఫౌండ్రీలో పనిచేసేవాడు, నలభై ఐదేళ్లు. బందు కదా, బండి దొరకలేదు. నలుగురు మోసుకెళ్లి ఇంట్లో పడుకోబెట్టారు. సారు పరుగున వెళ్లి ఛాతీ మీద రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చొక్కా మొత్తం తడిసిపోయేదాకా నొక్కారు. తర్వాత టార్చి వేసి చూసి, పీట లాక్కుని చెయ్యి పట్టుకున్నారు. ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, సాంబయ్య లేడు.

అతని భార్య వెంకటనర్సమ్మ ఏడవలేదు. జుట్టు ముడివేసుకుని ఎదురుగా కూర్చుని సారు మూడు వేళ్లనే చూస్తోంది.

"ఎవ్వలు ఏడ్వకున్రి. సారు చెయ్యి పట్టిండు. కనకరాజన్నకు గిట్లనే పాణమొచ్చింది."

గంట అయింది. సారు చెయ్యి కొద్దిగా కదిపారు. "పాణం తిరుగుతున్నదా సారూ?" అందామె. ఆ వేళ్లు మళ్లీ అక్కడే ఆగిపోయాయి. రెండు గంటలైంది. సాంబయ్య తమ్ముడు నా చెవి దగ్గర వంగి, "అక్కా, జర నువ్వన్న జెప్పు సారుకు," అన్నాడు. మూడో గంటకు సారు రెండో చేత్తో తన మోచేతికి ఊతం పెట్టుకున్నారు. అయినా తీయరు. తీస్తే, బతికున్న మనిషిని దారిలో వదిలేసినట్టే ఆయనకు. అది నాకొక్కదానికే తెలుసు. ఆమెకు ఆ ఆశ పెట్టిందీ నేనే.

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"నర్సమ్మా, నేను జెప్పింది అబద్ధం. కనకరాజు సచ్చిపోలే. షుగర్ పడిపోయింది. సారు సూదిస్తే లేసిండు. చెయ్యి పట్టుకుంటే ఎవ్వలు లేవలే."

"నల్లా కాడ నువ్వే గదా వదినె జెప్పినవ్."

"నేనే జెప్పిన."

ఆ తర్వాత ఆమె నన్ను చూడలేదు. సారు చేతిని పక్కకు నెట్టేసి మొగుడి మణికట్టు తనే పట్టుకుంది. బొటనవేలితో. చూస్తుండగానే ఆమె మొహం వెలిగింది.

"కొట్టుకుంటున్నది. సారూ, కొట్టుకుంటున్నది. నువ్వే జూడు."

సారు మొహం పాలిపోయింది. బయట ఊరేగింపు డప్పులు మోగుతూ మెయిన్ రోడ్డు వైపు పోతున్నాయి. అవి దూరమయ్యాక సారు మెల్లగా ఆమె బొటనవేలు ఎత్తి, ఆమెవే మూడు వేళ్లు తీసి అక్కడ ఆనించారు.

"ఇప్పుడు చూడమ్మా. తొందర్లేదు."

ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపు చూసింది.

"లేదు సారూ."

"ఇందాక కొట్టుకున్నది నీదమ్మా. బొటనవేల్లో మన నాడే తెలుస్తాది."

ఆమెతోనే అన్నారు గానీ, చూపు ఆమె మీద లేదు. అప్పుడు వెంకటనర్సమ్మ ఏడ్చింది. సారు కాగితం రాశారు. చెయ్యి తిమ్మిరెక్కి అక్షరాలు వంకరపోయాయి.

ఇంటికి వస్తూ దారిలో అడిగేశాను. నా నోరు అలాంటిది.

"అయితే మీ అమ్మది గూడ గంతేనా సారూ?"

"సాంబయ్యది కాదని తెలిసింది చెల్లెమ్మా. అమ్మది ఎలా తెలుస్తాది?"

అప్పటినుంచి ఎవరింట్లో కూర్చున్నా, దగ్గరివాళ్ల మూడు వేళ్లు కూడా పోయినవాళ్ల చేతి మీద పెట్టించేవారు. గంట మాత్రం గంటే. వెంకటనర్సమ్మ ఏడాది పైగా నాతో మాట్లాడలేదు. నేను నల్లా దగ్గర కథలు చెప్పడం మానేశాను.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన రోజు కనకరాజు మిఠాయి డబ్బా తెచ్చి సారు చేతిలో పెట్టాడు. "మీ ముంగటి సీటు రద్దయింది సారూ. ఈడనే ఉండుర్రి," అన్నాడు. సారు మిఠాయి తిన్నారు. పెట్టె మీది తాడు మాత్రం విప్పలేదు.

ఆగస్టులో ఒక పొద్దున టీ తీసుకెళ్తే సారు లేవలేదు. కాగితం రాయడానికి ఉప్పల్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు రెండు నిమిషాల్లో చూసి వెళ్లిపోయాడు. నేను పీట వేసుకుని, ఆయన గడియారమే చూస్తూ మూడు వేళ్లు పెట్టాను. వెంకటనర్సమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక చెంబుతో నీళ్లు తెచ్చి తలాపున పెట్టింది. నేను చెప్పలేదు, ఆమెకెలా తోచిందో.

గంట నిండింది. ఏమీ లేదు. అప్పుడు బొటనవేలు పెట్టాను. కొట్టుకుంది. నాదేనని నాకు తెలుసు.

"ఇగ ఇడువు వదినె," అంది వెంకటనర్సమ్మ.

"ఇంకొంచెంసేపు," అన్నాను.

ఆరోజు మా గల్లీలో పొయ్యిలు సాయంత్రానికి గానీ వెలగలేదు. కనకరాజు కూడా ఆకలని అనలేదు.