పానా బిగించిన అద్దం

మా బావమరిది తన వ్యాను పక్క అద్దాన్ని పన్నెండు వేల సార్లు బాగుచేశాడు. నేను సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. కాబట్టి ముందే సర్దుకుంటాను: పన్నెండు వేలు కాకపోవచ్చు, రెండు వందలకు మాత్రం తగ్గదు. అన్నిసార్లు బాగుచేసినా అది ఒక్కసారీ బాగుపడలేదు.

అందరి చొక్కా జేబులో కలం ఉంటే వాడి జేబులో పానా ఉండేది. అందుకే అందరికీ వాడు పానా. మా ఇంటికొస్తే కూర్చోకముందే తలుపు గడియ బిగించేవాడు. వదులుగా ఇంకేమీ దొరక్కపోతే నా కళ్ళజోడు లాక్కుని దాని కాడలు బిగించి ఇచ్చేవాడు. అలాంటివాడి సొంత వ్యానుకి అద్దం నిలవదు.

వ్యాను వయసులో వాడికంటే కాస్తే చిన్న. మా వీధివాళ్ళని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చేది. "కొత్తది కొనరా" అంటే, "నువ్వు మాత్రం కొత్తవాడివా బావా?" అనేవాడు.

మా ఆవిడకు జబ్బు చేసిన ఏడాది, మందు ఎక్కించుకోవడానికి ప్రతి మంగళవారం అందులోనే వెళ్ళేవాళ్ళం. వెళ్ళేటప్పుడు అద్దం బుద్ధిగా ఉండేది. రోగమంతా తిరుగు దారిలోనే. మూతబడిన మిల్లు గోడ దగ్గర ఒకసారి, లారీలు తూచే కాటా దగ్గర ఇంకోసారి వ్యాను ఆగేది.

"అద్దం జారింది. అందరూ దిగండి."

అద్దం జారితే మేమెందుకు దిగాలని ఓసారి మా వీధి దర్జీ అడిగాడు. లోపల బరువుంటే వ్యాను ఒరుగుతుందనీ, ఒరిగిన వ్యానుకి అద్దం కుదరదనీ పానా శాస్త్రం చెప్పాడు. దిగినవాళ్ళకి తలా ఒక ఉద్యోగం. దర్జీ అద్దం పట్టుకోవాలి. పాలామె ఎదురుగా నిలబడి తన ముఖం కనిపిస్తోందో లేదో చెప్పాలి. మిగతావాళ్ళు పైకో కిందికో తేల్చాలి. మేం ఏడుగురం వ్యాను ముందు మూగి పోట్లాడుకుంటుంటే, మా ఆవిడ కాళ్ళు సాగదీసుకుంటానని వెనక్కి వెళ్ళేది. ఆవిణ్ణి ఇంటికి చేర్చి పడుకోబెట్టాలన్న తొందరలో నేను పానాని తిట్టని తిట్టు లేదు.

చివరికి ఓ ఆదివారం, వాడు భోంచేసి కునుకు తీస్తుండగా, వాడి పానాతోనే అద్దం పని పట్టాను. అరిగిన నట్టు తీసేసి కొత్తది వేశాను. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి కింద వాషరుగా పెట్టాను. ఇద్దరు వేలాడినా కదలనంత బిగించాను.

మంగళవారం మిల్లు గోడ కనిపించగానే పానా మోచేత్తో అద్దాన్ని తట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా తట్టాడు. అయినా అద్దం జారిందనే అన్నాడు. దర్జీ తల బయటపెట్టి చూసి, శుభ్రంగా ఉంది, పోనిమ్మన్నాడు. నేనే బాగుచేశానని గొప్పగా చెప్పుకున్నాను. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ మాటల్లోనే ఆలస్యమైపోయింది. మా ఆవిడకు నోటికి కొంగు అడ్డం పెట్టుకునే వ్యవధి మాత్రమే దొరికింది.

పక్కింటివాళ్ళని మంచినీళ్ళడగడానికే మొహమాటపడే మనిషి. వ్యానులో ఉన్నవాళ్ళలో ముగ్గురి పిల్లలకు ఆవిడే పాఠాలు చెప్పింది. ఇల్లు చేరేదాకా కిటికీవైపే తిరిగి కూర్చుంది. ఆ చీర నన్ను ముట్టుకోనివ్వకుండా తనే ఉతుక్కుంది.

"ఇంక నేను ఆసుపత్రికి రాను," అంది.

నేను బతిమాలాను, కోప్పడ్డాను. వారమంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. మంగళవారం పొద్దున పానా వ్యానుని మా గుమ్మం ముందే ఆపి, అద్దం దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఈ వెధవ అద్దం మళ్ళీ వదులైందే," అన్నాడు.

కిటికీలోంచి ఇద్దరం చూశాం. వాడి చేతిలో పానా తిరుగుతున్నది బిగించేవైపు కాదు. వాడు శ్రద్ధగా, చెమటలు కక్కుతూ, నేను వేసిన కొత్త నట్టు విప్పుతున్నాడు. వ్యాను వెనక తలుపు పక్కన ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా, ఉతికిన తువ్వాలు ఎందుకుంటాయో నాకప్పుడు తెలిసింది. మా ఆవిడ చెప్పులేసుకుంది.

ఆ రోజు నుంచి అద్దం చుట్టూ అందరికంటే గట్టిగా పోట్లాడింది నేనే. పైకి అన్నవాడితో కిందికన్నాను, కిందికన్నవాడితో పైకన్నాను. ఒకసారి దర్జీ నేనూ కొట్టుకోబోయాం. అలా ఇంకో పధ్నాలుగు మంగళవారాలు. ఆ తర్వాత మాకు ఆసుపత్రి పని లేకపోయింది.

మొన్న కళ్ళు చూపించుకోవడానికి, ఆవిడ లేకుండా, అదే వ్యానులో వెళ్ళాను. అద్దం రాయిలా ఉంది. అయినా వచ్చేటప్పుడు మిల్లు గోడ దగ్గర వ్యాను ఆగింది. పానా ఎవరినీ దిగమనలేదు. తనే దిగి, బిగిసి ఉన్న నట్టుని ఇంకోసారి బిగించి, వచ్చి కూర్చున్నాడు. అంతసేపూ దర్జీ కిటికీలోంచి చెయ్యి చాపి అద్దం పట్టుకున్నాడు.

ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను. వింటున్నంతసేపూ నా బల్ల సొరుగు పిడి బిగిస్తూ కూర్చున్నాడు.

"అన్నీ కోతలే బావా," అన్నాడు లేస్తూ. "నా వ్యాను అద్దం ఏనాడూ వదులు కాలేదు. మా అక్కకి దారిలో ఏనాడూ కడుపులో తిప్పలేదు."